వేట బందు

కుళాయి ఐదున్నరకి వస్తుంది, ఆరుంపావుకి పోతుంది.
మొదటి రెండు బిందెలూ తాగడానికి,
తరవాతివి గోలేనికి,
సన్నగిల్లి తుమ్మే ఆఖరి ధార
బొప్పాయికి.
బియ్యం కడుగు తోటకూరకి, గిన్నెలు తొలిచిన నీళ్ళు అరటికి.
ఇది నా లెక్క. ఎక్కడా రాసి లేదు.

కరివేపాకు ఒక్కటే లెక్కకి లొంగదు.
దానికి చేపలు కడిగిన నీళ్ళే కావాలి.
ఏప్రిల్ సగంలో హార్బర్లో బోట్లు కట్టేశారు.
అప్పట్నించీ ఇంట్లో పప్పుచారూ, ఎండు నెత్తళ్ళూ.
చెట్టు అలిగి పసుప్పచ్చగా తిరిగింది.
"నీకూ బందేనే" అన్నాను దాంతో.

మా ఎల్లాజీ సంగతీ అంతే.
నలభై రోజులుగా నేల మీదున్నాడు.
జాలారిపేట అరుగుల మీద పేకాట అయిపోతే
గుమ్మంలో కూచుని యారాడ కొండ కేసి చూస్తాడు.
పెరట్లోకొస్తే కాళ్ళు ఎడంగా వేస్తాడు,
నేల ఎప్పుడు వాలుతుందో అన్నట్టు.

రోహిణికి రోళ్ళు పగులుతాయంటారు.
మాకు రోలు లేదు. ప్లాస్టిక్ తొట్టి పగిలింది.
ఆ మట్టిని గోడవార కుమ్మరించి,
గెడ్డలు చిదిపి, వేరుపురుగులు ఏరి కోడికి వేసి,
బోటు మీది టార్పాలిన్ కప్పి నాలుగు రాళ్ళు పెట్టాను.
ఉడకనీ.
కలుపు గింజలూ, చీడా,
పోయినేటి దురదృష్టమూ అన్నీ ఉడకనీ.

వాన పడితే మునక్కి గొంగళ్ళు పడతాయి.
కత్తి నడుముకి దోపుకుని నేనే ఎక్కాను.
కొట్టిన చోటల్లా పేడ మెత్తాను.
మూడు కొమ్మలు కనకరత్నం అడిగి పట్టుకెళ్ళింది,
నాలుగోది అడక్కుండా.

ఆఖరి బీరకాయ తీగ మీదే ఎండింది.
ఊపితే గిలకలా మోగింది.
గింజలు దులిపి, బూడిద కలిపి,
డీజిలు బిల్లు కాయితంలో పొట్లం కట్టాను.
పైన "బీర" అని రాశాను.
లోపలి వైపు అప్పు అంకె.

పందిరే లేదు. పోయిన గాలివానకి ఎగిరిపోయింది.
డిపోలో వెదురు గెడ ధర విని ఉత్త చేతులతో వచ్చాను.
"వల ఉంది కదేటి" అన్నాడు ఎల్లాజీ.
ఆ రోజుకి అదే మొదటి మాట.

అటక మీంచి చిరుగుల వల దింపాడు.
పొలుసులు రాలాయి, ఎప్పటివో.
గోడకీ జామకీ నడుమ లాగి చూసుకుని
సూదికి దారం చుట్టుకుని కూచున్నాడు.
"ఎంత కన్ను కావాల?"
నాకేం తెలుసు? బీరతీగ వేలు పట్టేంత అన్నాను.
నవ్వలేదు.
తన చిటికెన వేలు ఒకసారి చూసుకుని, మొదలెట్టాడు.

పంతొమ్మిదేళ్ళ కాపురం.
ఈ మనిషి పని చేస్తుండగా నేనెప్పుడూ చూడలేదు.
పనంతా నీళ్ళ మీద,
నాకు తెలిసింది బుట్టలో చేప, ఒంటి మీద వాసన.
ముడి వేసేటప్పుడు నాలిక కొస కరుచుకుంటాడని
ఈ వేసవిలోనే తెలిసింది.
గెత్తం తట్ట పక్కన పెట్టి
కాసేపు అలా నిలబడిపోయాను.

ఒక బెండు మాత్రం కొయ్యకుండా వొగ్గేశాడు.
"వరదొస్తే తేల్తాది నీ పందిరి."
పిల్లి మూడు రోజులు దాని కింద కూచుంది,
మోర పైకెత్తి,
ఈసారి కాపు బాగుంటుందన్నట్టు.

జూన్ సగంలో బందు ఎత్తేశారు.
టార్పాలిన్ దులిపి పట్టుకుపోయాడు.
దాని కింది మట్టి గోరువెచ్చగా, పొడిపొడిగా ఉంది.
చల్లారనిచ్చి, వేలి కణుపు లోతున గింజలు గుచ్చాను.
ఆ రాత్రే బోట్లు కదిలాయి.
జల్లు పడింది, ఆగింది, మళ్ళీ పడింది.
ఐదో నాటికి నెత్తిన డిప్పలతో మొలకలు,
తొమ్మిదో నాటికి ఒక తీగ కన్ను వెతుక్కుంది.
చెబుదామంటే ఫోను అందదు అంత లోపలికి.

పదకొండో పొద్దున వచ్చాడు.
బుట్ట దించాడు. పందిరి కేసి చూసినట్టే లేదు.
కుళాయి వస్తూనే ఉంది, అయినా అటు పోలేదు.
ఇసక కాళ్ళతో బొప్పాయి పాదులో నిలబడి
"ఇక్కడ పొయ్యి" అన్నాడు.